మగకాటుక

అనగనగా ఒక రాజ్యం. రాజుగారు తర్వాత వస్తారు, తొందరపడకండి. ముందు రాళ్ల సంగతి చెప్పాలి.

ఆ రాజ్యం పేరు ఉక్కుగిరి. ఉక్కుగిరిలో ఏ వీధికి వెళ్లినా ఇళ్ల ముందు రాళ్లుండేవి. మామూలు రాళ్లు కావు, మనిషంతెత్తు రాళ్లు, మీసాలున్న రాళ్లు. ఒక రాయి చేతులు కట్టుకుని నిలబడేది. ఒక రాయి కర్ర పట్టుకునేది. ఇంకో రాయి నోట్లో చుట్ట కూడా ఉండేది. అవన్నీ ఒకప్పుడు మగవాళ్లే. ఆ రాజ్యంలో మగవాడు ముసలివాడై మంచంలో పోవడమన్నది అరుదు. ముందు కాలివేళ్లు రాయయ్యేవి. తర్వాత మోకాళ్లు, తర్వాత నడుము, ఆఖరికి తల. అప్పుడు ఇంటివాళ్లు ఆ రాయిని వాకిట్లో నిలబెట్టి, పండగలకు నూనె రాసి బొట్టు పెట్టేవాళ్లు.

పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు వాకిట్లో రాళ్లే చూసేవాళ్లు. “మా వంశంలో ఇంతవరకు ఒక్కడు కూడా మంచంలో పోలేదండీ. అందరూ రాళ్లే” అని పెళ్లికొడుకు తండ్రి మీసం దువ్వుకునేవాడు. “అబ్బో, మంచి సంబంధం” అని వీళ్లు తల ఊపేవాళ్లు.

మరి ఆడవాళ్లు ఏమయ్యేవాళ్లు అంటారా? ఏమీ అయ్యేవాళ్లు కాదు. వాళ్లకు పనుండేది. రాళ్లు కడగాలి, నూనె రాయాలి, రాయి కాబోతున్నవాళ్లకు కాళ్లు పట్టాలి.

ఇదంతా ఒక కాటుక వల్ల వచ్చింది. ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో అంజనమల్లుడు అనే మాంత్రికుడుండేవాడు. ఏటా అతని సేవకులు పెట్టెలు మోసుకుని ఉక్కుగిరికి వచ్చేవాళ్లు. మగపిల్లవాడికి ఏడో ఏడు రాగానే తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి కళ్లకు ఆ పెట్టెలోని మగకాటుక పెట్టేవాడు. అది మిరపపొడిలా మండేది. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. ఆ కన్నీళ్లను సేవకులు బుడ్డిలో పట్టుకుని పోయేవాళ్లు. ఆ తర్వాత వాడు జన్మలో ఏడ్చేవాడు కాదు. ఆడపిల్లకైతే చెవులు కుట్టిన రోజున చెవిలో ఒక చుక్క అణకువ నూనె వేసేవాళ్లు. దాంతో ఆ పిల్లకు కోపమన్నది పోయేది. రెంటికీ బంధువులు వచ్చి బూరెలు తిని వెళ్లేవాళ్లు.

కళ్లలోంచి రావలసిన దుఃఖం రాకపోతే ఎక్కడికి పోతుంది? లోపలే గడ్డకడుతుంది. గడ్డకట్టి గడ్డకట్టి మనిషి రాయైపోతాడు. కళ్లెదురుగా జరుగుతున్నదే, కానీ ఉక్కుగిరి పెద్దలు దాన్ని రోగమనలేదు, మగతనమన్నారు. మగవాడికి మూడు కట్టుబాట్లు కూడా పెట్టారు. మగవాడు ఏడవడు. మగవాడు దారి అడగడు. మగవాడు భయమేస్తోందని అనడు. ఆ రెండోదానివల్ల ఉక్కుగిరి మగవాళ్లు ఒక సంతకు బయలుదేరి మరో సంతకు చేరేవాళ్లు. చేరి, మేం రావాలనుకున్నది ఇక్కడికే అనేవాళ్లు.

ఇప్పుడు రాజుగారు. ఆయన పేరు ధీరకేతుడు. రాణి పేరు మందారవతి. వాళ్లకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రచండుడు, రెండోవాడు ఉద్దండుడు, మూడోవాడు రణకేసరి. పేరుకు రణకేసరే గానీ, వాణ్ని పెంచిన దాది పుల్లమ్మ మాత్రం చిన్నయ్యా అనే పిలిచేది. మనమూ అలాగే పిలుద్దాం.

పుల్లమ్మకు మొగుడు రాయి, ఇద్దరు కొడుకులూ రాళ్లు. రాయైన మొగుడు ఉన్నట్టా పోయినట్టా అన్నది పురోహితులు ఇంకా తేల్చలేదు గనుక, ఆమె బొట్టు పెట్టుకోవాలో తుడుచుకోవాలో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. చిన్నయ్యకు ఏడో ఏడు వచ్చి మగకాటుక పెట్టే రోజున, పళ్లెం తెమ్మని పుల్లమ్మను పంపారు. ఆమె గదిలోకి వెళ్లి, భరిణెలోని మాంత్రికుడి కాటుక తీసి గోడవతల పారేసి, ఆముదపు దీపానికి పట్టిన మసి నింపి తెచ్చింది. కోపంతో కాదు, ఆమెకు కోపం ఎప్పుడో పోయింది. ఓపిక లేక చేసింది. ముగ్గురికి నూనె రాసి చేతులు పడిపోతున్నాయి, ఇంకో రాయికి రాయడం తనవల్ల కాదనుకుంది.

రాజుగారు ఆ మసే కొడుకు కళ్లకు పెట్టాడు. అది చల్లగా ఉంది. “మంట లేదేం?” అని చిన్నయ్య నోరు తెరవబోతే, పుల్లమ్మ వాడి తొడమీద గట్టిగా గిల్లింది. పిల్లవాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. సేవకులు బుడ్డి నింపుకుని వెళ్లారు. అందరూ బూరెలు తిన్నారు.

అలా ఆ రాజ్యం మొత్తంలో ఏడవగలిగిన మగవాడు చిన్నయ్య ఒక్కడే అయ్యాడు. ఆ సంగతి బయటపడితే వాణ్ని రాజకుమారుడని ఎవరూ అనరు. అందుకని ఏడుపొస్తే వంటింట్లోకి పరుగెత్తేవాడు. పుల్లమ్మ వాడి చేతికి కత్తిపీట ఇచ్చి ఉల్లిపాయలు ముందు పోసేది. “తరుగు నాయనా, కానీ చారు గిన్నె మీదికి వంగకు. ఇప్పటికే ఉప్పెక్కువైంది” అనేది. అలా వాడికి వంట కూడా వచ్చింది.

కొన్నేళ్లకు పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఒక ఎండాకాలం మందారవతి రాణి జ్వరం వచ్చి చనిపోయింది. రాజుగారికి ఆమె అంటే ప్రాణం. చితి పక్కన ఆయన నిటారుగా నిలబడ్డాడు. కంట్లోంచి చుక్క రాలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే కాలివేళ్లు పదీ రాయై ఉన్నాయి.

“శుభం!” అన్నాడు మంత్రి. మర్నాడే శిల్పిని పిలిపించి, సభలో సింహాసనం పక్కన పీఠం చెక్కించడం మొదలుపెట్టాడు. ఊరంతా పొంగిపోయింది. రాజుగారు కూడా బయటికి నవ్వుతూనే ఉన్నాడు. కానీ చిన్నయ్య వచ్చి దుప్పటి సర్దుతుంటే, చుట్టూ చూసి ఎవరూ లేరని తెలుసుకుని, మెల్లగా అన్నాడు.

“చలిగా ఉందిరా, చిన్నయ్యా.”

ఆ మాట వినగానే చిన్నయ్య ఇంకో దుప్పటి తెచ్చి కప్పాడు. వంటింటికి పోయి, ఉల్లిపాయలు కూడా లేకుండానే ఏడ్చాడు. తర్వాత ముఖం కడుక్కుని పుల్లమ్మనడిగాడు. “అవ్వా, నాన్నగారు రాయి కాకుండా ఎలా?”

“నాకేం తెలుసు నాయనా? కాటుక ఇచ్చినవాడే విరుగుడూ చెప్పాలి” అంది పుల్లమ్మ.

చిన్నయ్య అన్నలకు చెప్పాడు. వాళ్లకూ తండ్రి మీద ప్రేమ ఉంది, చూపించడం రాదు గానీ. “నేను వెళ్లి ఆ మాంత్రికుడి తల తెస్తాను” అని ప్రచండుడు గుర్రమెక్కాడు. నెల దాటినా రాలేదు. రాజుగారు మోకాళ్లదాకా రాయయ్యాడు. “నేను వెళ్లి అన్ననూ, మాంత్రికుడి తలనూ తెస్తాను” అని ఉద్దండుడు గుర్రమెక్కాడు. అతనూ రాలేదు. రాజుగారు నడుందాకా రాయయ్యాడు. అప్పుడు చిన్నయ్య, “నేను వెళ్లి చూసొస్తాను” అని బయలుదేరాడు. పుల్లమ్మ మూటలో అటుకులూ బెల్లమూ కట్టి ఇచ్చింది.

పొలిమేర దాటగానే నాలుగు దారులు ఎదురయ్యాయి. చెట్టుమీద ఒక గోరువంక కూర్చుని ఉంది.

“గోరువంకా, గోరువంకా, అంజనమల్లుడి దీవికి దారి ఏది?” అని అడిగాడు చిన్నయ్య.

గోరువంక కొమ్మ మీంచి పడబోయి నిలదొక్కుకుంది. “ఏమన్నావు? మళ్లీ అను.”

“దారి ఏదని అడుగుతున్నాను. నాకు తెలియదు.”

“నీ కడుపు చల్లగా! ఉక్కుగిరి మగవాడి నోట ఈ మాట వినడం ఇదే మొదలు. ఇంతకుముందు ఇద్దరు వచ్చారు. ఈ చెట్టు చుట్టూ తిరిగిందే తిరిగారు. నేను చెబుతానన్నా వినకుండా, మాకు తెలుసు పో అన్నారు. చెప్పులు అరిగాక గానీ సముద్రం దొరకలేదు. ఇదిగో, ఎడమవైపు దారి. నేరుగా ఒడ్డుకు పోతుంది. ఆ మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. అది మాకు దూరపు చుట్టం. పాపం, సుఖపడలేదు.”

చిన్నయ్య బెల్లం ముక్క ఒకటి కొమ్మ మీద పెట్టి ఎడమవైపు దారి పట్టాడు. సముద్రం చేరాడు. చేరి చూస్తే ఇసుకలో రెండు రాళ్లు. ఒకటి ప్రచండుడు, కత్తి ఎత్తి సముద్రం వైపు చూపిస్తున్నాడు. రెండోది ఉద్దండుడు, అన్న భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. దాటలేకపోయామన్న అవమానం పెద్దవాణ్ని రాయి చేసింది. అన్నను అలా చూసిన బాధ రెండోవాణ్ని రాయి చేసింది. ఎండ్రకాయలు వాళ్ల మీద ఎక్కి దిగుతున్నాయి.

చిన్నయ్య వాళ్ల కాళ్ల దగ్గర కూలబడి భోరుమని ఏడ్చాడు. ఆ ఏడుపుకు నీళ్లలోంచి ఒక పెద్ద తాబేలు తల బయటపెట్టింది.

“ఓయ్ అబ్బాయ్, ఏమైంది?”

“వీళ్లు మా అన్నలు. అక్కడ మా నాన్నగారు రాయవుతున్నారు. ఏడు సముద్రాలు దాటాలి. నాకు ఈత రాదు. సముద్రాన్ని చూస్తే భయమేస్తోంది.”

“భయమేస్తోందా? అయితే ఎక్కు” అంది తాబేలు.

“భయమంటే ఎక్కమంటావేం?”

“భయమున్నవాడు కదలకుండా కూర్చుంటాడు. వీళ్లిద్దర్నీ కూడా ఎక్కించుకున్నాను. భయం లేదని నా వీపు మీద లేచి నిలబడ్డారు. దబ్బున పడ్డారు. ఈడ్చుకొచ్చి ఒడ్డున పడేశాను.”

చిన్నయ్య ఎక్కి కూర్చున్నాడు. ముందు ఉప్పు సముద్రం వచ్చింది. “భయంగా ఉంది” అన్నాడు. “గట్టిగా పట్టుకో” అంది తాబేలు. తర్వాత చెరకురసం సముద్రం. “భయంగా ఉంది.” “గట్టిగా పట్టుకో.” తర్వాత కల్లు సముద్రం. “భయంగా ఉంది.” “ముక్కు మూసుకుని గట్టిగా పట్టుకో.” నెయ్యి సముద్రంలో జారిపోతానేమోనని భయపడ్డాడు, పెరుగు సముద్రంలో కూరుకుపోతానేమోనని భయపడ్డాడు, పాలసముద్రంలో పాములున్నాయేమోనని భయపడ్డాడు. ఆఖరిది మంచినీళ్ల సముద్రం. అక్కడ ఇద్దరూ కడుపునిండా నీళ్లు తాగారు. ఒడ్డు రాగానే తాబేలు అతన్ని దింపి, ఇక్కడే ఉంటానని చెప్పి నిద్రపోయింది.

దీవి మధ్య ఒక చెరువు, చెరువు గట్టున ఒక పెద్ద మిరపచెట్టు, చెట్టుకు వేలాడుతూ బంగారు పంజరం, పంజరంలో చిలక. ఒక అమ్మాయి కడవతో చెట్టుకు నీళ్లు పోస్తోంది. చిన్నయ్యను చూసి కడవ దించి నమస్కారం పెట్టింది.

“రండి, కూర్చోండి. మాంత్రికులవారు ఇంట్లో లేరండి” అంది.

“నువ్వెవరు?”

“నా పేరు తారావళండి. తూర్పు దీవుల రాజుగారి అమ్మాయినండి. చెట్టుకు నీళ్లు పోయడానికి మనిషి కావాలని వారు నన్ను ఎత్తుకొచ్చారండి. మంచివారేనండి. కొట్టేది అప్పుడప్పుడే.”

చిన్నయ్య అడిగాడు. “మరి నీకు కోపం రాదా?”

“కోపం ఎలా ఉంటుందండి? చిన్నప్పుడు చెవిలో నూనె పోశాక ఎప్పుడూ రాలేదండి.” ఆమె చెరువు వైపు చెయ్యి చూపించింది. “మగపిల్లల కన్నీళ్లన్నీ ఆ చెరువండి. ఆడపిల్లల కోపమంతా ఈ మిరపకాయలండి. చిలక ఆ నీళ్లు తాగుతుంది, ఈ కాయలు తింటుంది. దాని కడుపు నిండితే మాంత్రికులవారికి ఆయుష్షండి. మా ఊరి మగవాళ్లు కూడా రాళ్లేనండి. నేను వచ్చేనాటికి మా నాన్నగారు కూడా మోకాళ్లదాకా అయ్యారండి.”

“ఈ కాయల్లో నీ కోపం కూడా ఉండాలి కదా?”

“ఉందండి. ఆ కింది కొమ్మకు ఉన్నదే నాదండి. నేను వచ్చిన ఏడే కాసింది. తినొద్దన్నారండి.”

“తినమని నేనూ చెప్పను. అది నీది, నీ ఇష్టం” అన్నాడు చిన్నయ్య.

తారావళి చాలాసేపు ఆ కాయ వైపు చూసింది. నీ ఇష్టం అన్న మాట ఆమెతో ఎవరూ అనలేదు మరి. కాయ తెంపింది, కొరికింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కు. తర్వాత కడవను ఎత్తి నేలకేసి కొట్టింది.

“నన్ను ఎత్తుకొస్తాడా! కొడతాడా! నేను అలాగేనండి అంటూ నీళ్లు పోశానా!” అని దీవి దద్దరిల్లేలా అరిచింది. చిన్నయ్య వైపు తిరిగి, “నువ్వేంటి అలా నిలబడి చూస్తున్నావు?” అంది.

“నాకు కొంచెం భయంగా ఉంది” అన్నాడు చిన్నయ్య.

“ఉండనీ” అని ఆమె పంజరం తలుపు లాగి చిలకను పట్టుకుంది. మెడ పిసకబోతుంటే చిన్నయ్య అడ్డం వచ్చాడు.

“ఆగు తారావళీ. దాని తప్పేముంది? ఇది కూడా నీలాగే పంజరంలో ఉన్నదే కదా. చిలకా, నీకు ఏం కావాలి?”

చిలక గుడ్లు తిప్పి చూసింది. “నన్ను అడుగుతున్నావా? ఇన్నాళ్లూ ఉప్పునీళ్లు, మిరపకాయలు. నోరు పూసిపోయింది. కాస్త తియ్యగా ఏదైనా ఉంటే పెట్టు బాబూ.”

చిన్నయ్య మూట విప్పి బెల్లం ముక్క చేతిలో పెట్టుకుని చాపాడు. చిలక ఒకసారి కొరికి, కళ్లు మూసుకుని, “ఇది కదా తిండి!” అంది. రెండోసారి కొరికింది. కన్నీళ్లూ కారమూ లేని తిండికి ఆయుష్షు తరిగి, ఎక్కడో ఆకాశంలో పోతున్న అంజనమల్లుడికి కాళ్లు తేలిపోయాయి. మూడోసారి కొరికింది. అతను తిరిగొచ్చి చెట్టు కింద పడ్డాడు. చూస్తే వేళ్లూ మోకాళ్లూ అప్పటికే రాయవుతున్నాయి.

“రాకుమారా, నీ కంట్లో నీళ్లున్నాయి. ఒక్క చుక్క ఆ చిలక నోట్లో వెయ్యి. నేను బతుకుతాను. నిన్ను ఏడు రాజ్యాలకు రాజును చేస్తాను” అన్నాడు.

“నువ్వే ఏడవకూడదా?” అని అడిగాడు చిన్నయ్య.

“నా వల్ల కాదు. ఆ కాటుక మొదట పెట్టుకున్నది నేనే.” మాంత్రికుడి గొంతు సన్నగా వచ్చింది. “చిన్నప్పుడు మా అమ్మ పోయింది. వీధిలో కూర్చుని ఏడ్చాను. ఆడపిల్లలా ఏడుస్తున్నాడని నలుగురూ నవ్వారు. మళ్లీ ఎవరూ నవ్వకూడదని కాటుక చేసుకున్నాను. అది చూసి మాక్కూడా పెట్టమని మీ తాతలే నా కాళ్లు పట్టుకున్నారు.”

చిన్నయ్యకు మొన్న పోయిన తన తల్లి గుర్తొచ్చింది. దుష్టుడే, అయినా జాలేసింది. కంట్లోంచి నీటిచుక్క జారి అరచేతిలో పడింది. దాన్ని చిలక ముందు పెట్టి, “తాగుతావా? నీ ఇష్టం” అన్నాడు.

చిలక ముక్కు దగ్గరికి తెచ్చి వెనక్కి తీసుకుంది. “వద్దు బాబూ, ఉప్పు” అని బెల్లం ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.

అంజనమల్లుడు గొంతుదాకా రాయయ్యాడు. “కాటుకను ఆపగలవు. నలుగురి నవ్వును ఆపగలవా?” అన్నాడు. ఆ మాటతో నోరూ రాయయ్యింది.

అతను పోగానే చెరువు గట్టు తెగింది. కన్నీళ్లన్నీ సముద్రంలో కలిసి, ఆవిరై, నల్లటి మబ్బై లేచాయి. తారావళి బుట్టనిండా మిరపకాయలు కోసుకుంది. ఇద్దరూ తాబేలు ఎక్కారు. మబ్బు వాళ్ల వెంటే నడిచి, ముందు తూర్పు దీవుల మీద కాస్త కురిసి, మళ్లీ వాళ్లను కలిసింది.

ఇవతలి ఒడ్డున అన్నల మీద నాలుగు చినుకులు పడ్డాయి. వాళ్లు రాయై ఎన్నో రోజులు కాలేదు, లోపల ఇంకా గట్టిపడలేదు, అందుకని ఎవరి కన్నీళ్లు వాళ్ల కళ్లలోకి చేరాయి. అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు గనుక, అన్నలిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని హాయిగా ఏడ్చారు. ఏడ్చినకొద్దీ మెత్తబడ్డారు. చివరికి ప్రచండుడు ముక్కు తుడుచుకుని, “ఒరే చిన్నయ్యా, ఈ సంగతి ఇంటి దగ్గర చెప్పకు” అన్నాడు.

చూశారా? మాంత్రికుడు పోయాడు, అయినా అతని మాట నిలబడే ఉంది.

వాళ్లు ఉక్కుగిరి చేరేసరికి మబ్బు ఊరంతా కురిసింది. వాన ఉప్పగా ఉందని జనం నోళ్లు చప్పరించారు. వాకిళ్లలోని పాతరాళ్లు తడిశాయి గానీ కదల్లేదు. అవి ఏళ్ల కిందటే లోపలిదాకా రాళ్లైపోయాయి. పుల్లమ్మ వానలో నిలబడి మొగుణ్నీ కొడుకులనూ మార్చి మార్చి చూసింది. చిన్నకొడుకు రాతిచెంప మీద నీళ్లు కారుతుంటే కొంగుతో తుడిచి, ఇంకాసేపు ఆగి, రాజుగారి సభ వైపు నడిచింది.

సభలో రాజుగారు మెడదాకా రాయై, కొత్త పీఠం మీద నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి వాన పడి ముఖం తడిసింది. కన్నీళ్లు వచ్చి కళ్లలో నిండాయి. కానీ ఎదురుగా మంత్రి, పండితులు, సేనాపతులు, శిల్పి అందరూ బారులు తీరి చూస్తున్నారు. రాజుగారు రెప్ప వేయకుండా ఆ నీళ్లను బిగబట్టాడు. రాయి గడ్డందాకా పాకింది.

“నాన్నగారూ, విరుగుడు వచ్చింది. ఏడిస్తే చాలు, మీరు బతుకుతారు” అన్నాడు చిన్నయ్య.

“రాజుగారు ఏడవడమా!” అన్నాడు మంత్రి. సభలో నలుగురు నవ్వారు. రాజుగారు దవడలు ఇంకా బిగించాడు.

చిన్నయ్యకు మాంత్రికుడి మాట గుర్తొచ్చింది. ఇప్పుడు దాచుకుంటే తండ్రి దక్కడు. సభ మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు.

“అందరూ వినండి. నాకు పెట్టింది మగకాటుక కాదు, ఆముదపు మసి. చిన్నప్పటినుంచీ నేను ఏడుస్తూనే ఉన్నాను. వంటింట్లో ఏడ్చాను, సముద్రపు ఒడ్డున ఏడ్చాను. దారి అడిగాను, భయపడ్డాను, అలాగే ఏడు సముద్రాలూ దాటొచ్చాను. అమ్మ పోయింది నాన్నగారూ. నాకు బెంగగా ఉంది. మీరు కూడా పోతే నేను తట్టుకోలేను” అని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. “ఇతనా రాజకుమారుడు? గాజులు తొడగండి” అన్నాడొక సేనాపతి.

తలుపు దగ్గర తారావళి పుల్లమ్మ చేతిలో ఒక మిరపకాయ పెట్టింది. పుల్లమ్మ కొరికింది. ఇన్నేళ్ల కోపం ఒక్కసారిగా వచ్చింది. చీపురు పట్టుకుని సభలోకి నడిచింది.

“ఎవర్రా నవ్వింది? తల్లి పోయిన పిల్లాడు ఏడిస్తే మీకు నవ్వొస్తోందా? నా మొగుడు ఏడవలేదు, వాకిట్లో ఉన్నాడు, పోయి చూడండి. నా కొడుకులు ఏడవలేదు, ఎండకు ఎండుతున్నారు, వానకు తడుస్తున్నారు. మీరు మగతనమన్నారు, నేను నూనె రాశాను. ఒక్క రాయైనా నన్ను అమ్మా అని పిలిచిందా? లేవండి, అందరూ బయటికి నడవండి!”

సేనాపతులు ఎన్నో యుద్ధాలు చూశారు గానీ, ఉక్కుగిరి ఆడదాని కోపం ఎన్నడూ చూడలేదు. తోసుకుంటూ బయటపడ్డారు. మంత్రి పాగా అక్కడే ఉండిపోయింది. పుల్లమ్మ రాజుగారి ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“నీకు నేను నూనె రాయను బాబూ, ముందే చెబుతున్నాను. ఇంకో రాయికి నూనె రాసే ఓపిక నాకు లేదు. ఏడు!”

రాజుగారి కింది పెదవి వణికింది. “పుల్లమ్మా, ఆమె లేకుండా నాకు చలిగా ఉందే” అన్నాడు. ఏడో ఏట తండ్రి ఒళ్లో ఆగిపోయిన ఏడుపు అక్కణ్నుంచే మళ్లీ మొదలైనట్టు, పసిపిల్లవాడిలా ఏడ్చాడు. చిన్నయ్య ఆయన్ను వాటేసుకున్నాడు. కాసేపటికి ప్రచండుడూ ఉద్దండుడూ కూడా వచ్చి ఆ పక్కా ఈ పక్కా పట్టుకున్నారు. గడ్డం మెత్తబడింది, భుజాలు మెత్తబడ్డాయి, నడుము, మోకాళ్లు. ఎడమకాలి చిటికెనవేలు మాత్రం రాయిగానే మిగిలిపోయింది. రాజుగారు బతికినన్నాళ్లూ కొంచెం కుంటుతూ నడిచాడు.

తర్వాత చిన్నయ్య తారావళిని, “నన్ను పెళ్లి చేసుకుంటావా?” అని అడిగాడు. “ముందు మా నాన్నను చూసి రావాలి. ఆలోచించి చెబుతాను” అంది తారావళి. ఆడపిల్ల ఆలోచించడమేమిటని ఊళ్లోవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఆమె తూర్పు దీవులకు వెళ్లింది. ఆమె తండ్రి కూడా వానకు మెత్తబడి ఎదురొచ్చాడు. అక్కడ తీరిగ్గా ఆలోచించి, మామిళ్లు పూతకొచ్చే వేళకు తిరిగొచ్చి, సరేనంది. పెళ్లి వంటలో ఉల్లిపాయల పులుసు పెళ్లికొడుకే వండాడు. ఉప్పు సరిపోయిందని పుల్లమ్మ ఒప్పుకుంది. ధీరకేతుడి తర్వాత ఇద్దరూ ఒకే ఎత్తు సింహాసనాల మీద కూర్చుని చాలా ఏళ్లు రాజ్యం చేశారు. అన్నలిద్దరూ సేనలు చూసుకున్నారు. దారి తెలియకపోతే ఆగి అడిగేవాళ్లు, కాకపోతే కొంచెం మెల్లగా అడిగేవాళ్లు.

పిల్లలకు ఏడో ఏటి పండగ మాత్రం మానలేదు. బూరెలు మానుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజు పుల్లమ్మ మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఆముదపు మసి కాటుకే పెట్టి, తన వాకిట్లోకి తీసుకొచ్చేది. మొదటి రాయి చూపించి, “ఈయన తమ్ముడు పోయినప్పుడు ఏడవలేదు” అని చెప్పేది. రెండో రాయి చూపించి, “వీడు నచ్చిన పిల్లను ఇవ్వనన్నప్పుడు ఏడవలేదు” అని చెప్పేది. మూడో రాయి చిన్నకొడుకు. దాని దగ్గరికి వచ్చేసరికి, “వీడు ఎందుకు ఏడవలేదో నాకు తెలియదమ్మా. వాడెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు” అని కొంగుతో కళ్లు ఒత్తుకునేది. పిల్లల్లో ఎవరో ఒకరు వచ్చి ఆమె చెయ్యి పట్టుకునేవాళ్లు.

నా కథ అక్కడికి సరి. ఏడుపొచ్చినవాళ్లు ఏడవండి, కోపమొచ్చినవాళ్లు కోప్పడండి, ఆకలేసినవాళ్లు లేచి కంచాలు పెట్టుకోండి. మగపిల్లలూ, మీక్కూడా చెబుతున్నాను, లేవండి.